జీడిపప్పు కుకీలు పరుచుకుపోతున్నాయా?

ప్రశ్న: అమ్మా, క్రిస్మస్‌కు ఇరుగుపొరుగు వారికి పంచడానికి గుడ్డు లేకుండా జీడిపప్పు కుకీలు చేస్తున్నాను. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) పెట్టిన కాసేపటికే పలచగా పరుచుకుని ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. మైదా పెంచితే గట్టిపడుతున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మైదా పెంచకండి, ఇబ్బంది వెన్నతో వస్తోంది. ఫ్రిజ్‌లోంచి ముందే తీసి మెత్తబడనివ్వమని చాలా వంటల పుస్తకాలు చెబుతాయి. అది గది 20 డిగ్రీలుండే ఊళ్లకు సరిపోతుంది. మన చెన్నైలో డిసెంబరు మధ్యాహ్నం కూడా 28 డిగ్రీల దాకా ఉంటుంది. గంటసేపు బయట ఉన్న వెన్న సగం నూనె అయిపోతుంది. ఇక ఓవెన్‌లో అది నిలబడదు. మీరు వెన్నను ముక్కలుగా కోసి, పది నిమిషాలు ఆగి కలపడం మొదలుపెట్టండి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు అంటకూడదు.

నా కొలత ఇది: ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, చక్కెర పొడి 50, మైదా 150, జీడిపప్పు 75, చిటికెడు ఉప్పు. గుండు జీడిపప్పు కొనాల్సిన పని లేదు. పలాస నుంచి చుట్టాలు తెచ్చిన బద్దలైనా, ఇక్కడ దొరికే పన్రుట్టి ముక్కలైనా రుచి అదే. పప్పును దోరగా వేయించి, పూర్తిగా చల్లారాకే మిక్సీలో రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పండి. వేడి మీద తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, ఆ నూనె కూడా కుకీని పరిచేస్తుంది. నాకైతే బరక తగలాలి, అందుకే కొంత పప్పు చాకుతో తరిగి కలుపుతాను.

వెన్న, చక్కెర తెల్లబడేదాకా గిలకొట్టి, మిగిలినవి వేసి, సున్నుండ కట్టినట్టు చిన్న ఉండలు చేయండి. పాతిక దాకా వస్తాయి. పళ్లెంతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ అరగంట మాత్రం ఎంత తొందరున్నా వదలకండి. ఓటీజీని 160 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి, ఉండలను 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. అడుగు అంచు బంగారు రంగుకు తిరగగానే తీసేయండి. మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టకండి, చల్లారాక అవే కరకరలాడతాయి. వాన ముసురు పట్టిన రోజైతే చల్లారిన వెంటనే డబ్బాలో పెట్టి బిగించాలి.

పంచేటప్పుడు డబ్బా మీద ‘జీడిపప్పు ఉంది’ అని తప్పక రాయండి. కొందరు పిల్లలకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రశ్న: ఓవెన్ లేదు, కుక్కర్‌లో చేయవచ్చా?
– మరో పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: నీళ్లు లేకుండా కుక్కర్ వేడి చేయడం నాకు ఇష్టం లేదు. మందపాటి పాత గిన్నె అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడి చేయండి. సన్న మంట మీద వాయికి ఆరేడు మించకుండా కాల్చండి. పాతిక నిమిషాలు పట్టవచ్చు. పైభాగం తెల్లగానే ఉంటుంది కాబట్టి ఒకదాన్ని తిప్పి అడుగు చూసి దించండి.