కొవ్వులో ఇమ్యూనిటీ కణాలా? వాటికీ షుగర్‌కీ ఏం సంబంధం?

"బరువు 68 కిలోలే, పొట్ట మాత్రమే ఉంది, అయినా షుగర్ వచ్చింది. కొవ్వులో ఇమ్యూనిటీ కణాలుంటాయంటున్నారు, నిజమేనా?" అని అడిగారు.

నిజమేనండి. మా బావదీ అచ్చం మీ కేసే. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. చూస్తే ఎవరూ లావనరు. ప్యాంటు 34 సైజు, కాకపోతే పొట్ట కిందికి దించి వేసుకుంటాడు. పక్కటెముకలకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు చుడితే 98 సెంటీమీటర్లు! మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాల్సిందే.

పేగులు, కాలేయం చుట్టూ చేరే కొవ్వుతోనే అసలు తంటా. అక్కడి కొవ్వు కణాలు మరీ ఉబ్బితే కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు వచ్చి చుట్టూ వలయం కడతాయి. సన్నటివాళ్ల కొవ్వు కణజాలంలోని కణాల్లో ఇవి పదో వంతు కూడా ఉండవు, బాగా ఊబకాయం ఉన్నవాళ్లలో 40 శాతం దాకా చేరతాయని 2003లో తేల్చారు. ఇవి టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి, వాపు రేపే రసాయనాలు వదులుతాయి. దాంతో ఇన్సులిన్ ఉన్నా దాని మాట కణాలు వినవు. కండరాలు చక్కెరను సరిగా తీసుకోవు, కాలేయమేమో తయారుచేస్తూనే ఉంటుంది. లావెక్కిన ఎలుకల్లో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్లీ బాగా పనిచేసిందని 1993లోనే చూశారు. మనుషుల్లో మాత్రం ఆ ఒక్కదాన్ని ఆపినంత మాత్రాన ఆశించినంత ఫలితం రాలేదు.

అలాగని ఈ కణాలన్నీ చెడ్డవి కావు. ఆరోగ్యంగా ఉన్న కొవ్వులో వాపును అణచిపెట్టే టీ కణాలనే మరో రకం రక్షణ కణాలు కూడా కాపలా ఉంటాయి. పొట్ట పెరిగేకొద్దీ అవి తగ్గిపోతాయి. అందుకే షుగర్ తగ్గుతుందని "ఇమ్యూనిటీ పెంచే" పొడులు అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ ఇమ్యూనిటీ తక్కువై కాదు కదా, రేగకూడని చోట రేగిపోయే కదా ఇబ్బంది!

బావ చేసింది పెద్దగా ఏమీ లేదు. గుంటల గట్ల మీద బండి మానేసి నడిచాడు. రాత్రి పొద్దుపోయి తినే అన్నం ఏడున్నరకు మార్చి, సగం చేశాడు. చేపల పులుసు మాత్రం మానలేదు, మానమని నేనూ అనలేదు. మాత్రలు వేసుకుంటూనే ఇదంతా చేశాడు. కొన్ని నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.9 నుంచి 6.8కి దిగింది. నడుము కూడా తగ్గింది, బరువులో మాత్రం నాలుగు కిలోలే తేడా.

మీరు కూడా ముందు టేపుతో కొలిచి చూసుకోండి. ఆ అంకె డాక్టరుగారికి చెప్పండి. మాత్రలు తగ్గించాలన్నా మానాలన్నా ఆయన చెప్పాకే.