చిరునామా మార్పుకు పోస్టాఫీసులో అర్జీ ఒక్కటే చాలదు

చిత్తూరు నుంచి తిరుపతికి ఇల్లు మారుతున్నామని, పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలు కొత్త ఇంటికి చేరడానికి పోస్టాఫీసులో అర్జీ ఇస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. రెండేళ్ల క్రితం చిత్తూరు కొంగారెడ్డిపల్లెలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి తిరుపతికి వచ్చినప్పుడు నేనూ ఆ అర్జీ ఒక్కటి ఇచ్చి నిశ్చింతగా కూర్చున్నాను.

అర్జీ ఇవ్వడం కష్టమేమీ కాదు. పాత ఇంటికి బట్వాడా చేసే పోస్టాఫీసుకే వెళ్లి, రెండు చిరునామాలూ, ఇంట్లో ఎవరెవరి పేరిట ఉత్తరాలు వస్తాయో రాసి సంతకం చేసి ఇవ్వాలి. మొదటి నెలలో బీమా ప్రీమియం నోటీసు, ఒక శుభలేఖ, మా నాన్నగారి మాసపత్రిక సక్రమంగా చేరాయి. ఏటీఎం కార్డు మాత్రం రాలేదు. గడువు తీరుతున్న కార్డుకు బదులు కొత్తది పంపామని బ్యాంకు నుంచి సందేశం వచ్చి అప్పటికి పదిహేను రోజులైంది.

ఒక రోజు తెల్లవారుజామున బస్సెక్కి చిత్తూరు వెళ్లాను. నేను చేరేసరికి పోస్టుమెన్ అందరూ పొడవాటి బల్ల చుట్టూ కూర్చొని ఉత్తరాలను వీధుల వరుసన పేర్చుకుంటున్నారు. మా వీధికి వచ్చే పెద్దాయన నన్ను చూసి, తన గడి పక్కన అతికించుకున్న పాత క్యాలెండరు కాగితాన్ని వేలితో తట్టి చూపించారు. దాని వెనుక నా కొత్త చిరునామా ఎర్ర సిరాతో రాసి ఉంది. “మీ అర్జీ మరిచిపోలేదు సార్. ఆ కవరు మీద, మనిషి లేకపోతే తిప్పి పంపమని అచ్చేసుండారు కదా, నేనెట్ల పంపేది? మూడు దినాలు పెట్టుకొని తిప్పి పంపిస్తిని” అన్నారు. కార్డు పరాయి చేతుల్లో పడకూడదనే బ్యాంకు ఆ మాట అచ్చు వేయిస్తుంది కాబట్టి ఆయనను తప్పుపట్టడానికి లేదు. బ్యాంకుకు ఒక మాట చెప్పకుండా భారమంతా పోస్టాఫీసు మీద వేసింది నేనే.

బ్యాంకుకు వెళితే కొత్త చిరునామా ఉన్న ఆధార్ అడిగారు. ఆధార్ మార్చాలంటే నివాస రుజువు కావాలి. మా కొత్త ఇంటి యజమాని అడ్వాన్సును రెండుసార్లు లెక్కపెట్టి తీసుకున్నారు గాని, అద్దె ఒప్పందం రిజిస్టరు చేయిద్దామంటే మాత్రం ఆయనకు తీరిక దొరకలేదు. అద్దె ఇళ్లవాళ్లకు ఈ ఊళ్లో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇదే. చివరకు నా పేరిట ఉన్న గ్యాస్ కనెక్షన్‌ను ముందుగా ఇక్కడికి మార్పించుకొని, ఆ బిల్లుతో ఆధార్ మార్పించాను. అందుచేత మీరు సామాను సర్దకముందే గ్యాస్, ఆధార్, బ్యాంకు అన్న వరుసలో పని మొదలుపెట్టండి. ఓటరు జాబితాలో చిరునామా మార్చుకోవడానికి ఫారం 8 ఉంది. బండి ఉంటే ఆర్‌సీలో చిరునామా మార్పు సంగతి 30 రోజుల్లో తెలియజేయాలని చట్టం చెబుతుంది.

ఇక పిన్ కోడ్. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినా నాకు ఇప్పటికీ “చిత్తూరు జిల్లా” అని రాసిన ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే పిన్ సరిగ్గా ఉంటే జిల్లా పేరు తప్పినా ఉత్తరం చేరుతుంది. పిన్ తప్పితే మాత్రం ఊరి పేరు ఎంత స్పష్టంగా రాసినా దారి తప్పుతుంది. రెండు ఊళ్ల పిన్‌లూ 517తోనే మొదలవుతాయి. తేడా అంతా చివరి మూడంకెల్లోనే. ఇంత తెలిసిన నేనే బ్యాంకు ఫారంలో తిరుపతి అని రాసి, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ దాని కింద చిత్తూరు పిన్ 517001 వేశాను. కార్డు మళ్లీ చిత్తూరుకే వెళ్లింది. వారం ఆలస్యంగా నా చేతికి వచ్చిన కవరు మీద 517001 కొట్టివేసి 517501 అని దిద్ది ఉంది, అదే ఎర్ర సిరాతో.