వెచ్చటి నీళ్లకి బ్యాక్‌ప్లేట్: ముందు బరువు లెక్క, తర్వాతే వింగ్

వెచ్చటి సముద్రంలో 3 మిల్లీమీటర్ల సూట్‌తో, సింగిల్ ట్యాంకుతో డైవ్ చేసేవాళ్లకి బ్యాక్‌ప్లేట్ (వీపు మీద ట్యాంకుని మోసే లోహపు పలక) స్టీల్‌ది మేలా, అల్యూమినియంది మేలా, దానికి తగిలించే వింగ్ (గాలి నింపే సంచి) ఎంత లిఫ్ట్ (తేల్చే శక్తి) ఉన్నది కొనాలి అని అడిగారు. బ్రాండ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు కాగితం, పెన్నూ తీసుకోండి. ఈ లెక్క వేయకుండా కొన్నవాళ్లే పెద్ద వింగ్ మోస్తూ, నడుముకి అక్కర్లేని సీసం కట్టుకుని తిరుగుతుంటారు.

డైవ్ చివర్లో పరిస్థితికి లెక్క వేయాలి. ట్యాంకులో 50 బార్ (గాలి పీడనం) మిగిలి ఉండగా, పైకి వచ్చేముందు 5 మీటర్ల లోతులో ఆగే స్టాప్ దగ్గర, వింగ్ దాదాపు ఖాళీగా పెట్టుకుని కదలకుండా ఆగగలగాలి. 11 లీటర్ల అల్యూమినియం ట్యాంకు నిండుగా ఉంటే నీళ్లలో 0.7 కిలో కిందికి లాగుతుంది. అందులో 200 బార్ల గాలి బరువే సుమారు 2.7 కిలోలు. 50 బార్‌కి వచ్చేసరికి రెండు కిలోల గాలి పీల్చేసి ఉంటారు కాబట్టి అదే ట్యాంకు 1.3 కిలోలు పైకి లాగడం మొదలుపెడుతుంది. సూట్ ఇంకో రెండు కిలోలు పైకి. రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది), గేజ్ కలిపి ఒక కిలో కిందికి. మిగిలింది 2.3 కిలోలు.

2.7 కిలోల స్టీల్ ప్లేట్ నీళ్లలో ఎనిమిదో వంతు బరువే పోగొట్టుకుంటుంది. అంటే 2.4 కిలోలు పనిచేస్తుంది, లెక్క అక్కడికక్కడ సరిపోయింది. సన్నగా ఉండే మనిషికి సీసమే అక్కర్లేదు. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే ఒకటి రెండు కిలోలు కలుపుకోవాలి. 0.9 కిలో అల్యూమినియం ప్లేట్ అయితే నీళ్లలో మూడో వంతు బరువు కోల్పోయి 0.6కి దిగుతుంది. సూట్ లేకుండా రాష్‌గార్డ్ (పల్చటి ఈత చొక్కా)తో దిగేవాళ్లకి, స్టీల్ ట్యాంకు వాడేవాళ్లకి అదే సరైనది. విమానం లగేజీ కోసం అల్యూమినియం తీసుకుంటే తప్పేం లేదు, కాకపోతే దిగాక ఆ తేడా సీసంగా అద్దెకి తెచ్చుకోవాలి. స్విమ్మింగ్ పూల్లో బరువు సరిచూసుకున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఉప్పునీరు రెండున్నర శాతం ఎక్కువ సాంద్రం. మనిషీ సామానూ కలిపి 90 కిలోలుంటే సముద్రంలో రెండు కిలోల పైచిలుకు కలపాల్సిందే.

ఇక వింగ్. 30 మీటర్ల లోతులో సూట్ తేలే శక్తిలో ముప్పావు వంతు పోతుంది, అంటే కిలోన్నర. దానికి ఇంకా పీల్చాల్సిన రెండు కిలోల గాలి బరువు కలిపితే 3.5 కిలోలు. పైన తల నీళ్ల బయట ఉంచడానికి నాలుగైదు కిలోలు కావాలి గానీ అక్కడ సూట్ నలగదు కాబట్టి మొత్తం ఏడు దాటదు. రిగ్ (ప్లేట్, వింగ్, ట్యాంకు, రెగ్యులేటర్ కలిపి) ఒక్కటే విప్పి నీళ్లలో వదిలినా నాలుగున్నర లోపే. అందుకే 8-9 కిలోల లిఫ్ట్ చాలు. స్టీల్ ట్యాంకైతే 11-13. అంతకు మించింది డబుల్ ట్యాంకుల వాళ్ల వస్తువు. "ఎందుకైనా మంచిది, పెద్దది తీసుకోండి" అని అంటగట్టే దుకాణదారుడి మాట వినకండి.

పెద్ద వింగ్ ఏం చేస్తుందో స్టాప్ దగ్గర బయటపడుతుంది. డైవర్ అడ్డంగా ఉన్నాడు, ట్యాంకుకి రెండు పక్కలా వింగ్ అంచులు పైకి ముడుచుకుని దాన్ని చుట్టేశాయి. కుడి ముడతలో గాలి ఇరుక్కుంది. ఎడమ పక్క కింది వాల్వ్ తాడు లాగితే రెండు బుడగలొచ్చి ఆగిపోతాయి. అతను ఒక మీటరు పైకి తేలతాడు, ఇరుక్కున్న గాలి వ్యాకోచిస్తుంది, ఇంకో మీటరు పోతాడు. చివరికి నిటారుగా లేచి, ఇన్‌ఫ్లేటర్ (వింగ్‌లో గాలి నింపే, వదిలే గొట్టం) తలపైకెత్తి గాలి వదిలేలోపు స్టాప్ చేజారుతుంది. గుర్రపు లాడం ఆకారం వింగ్‌లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే కింద దారి మూసి ఉంటుంది. గుండ్రటి డోనట్ వింగ్‌లో గాలి అటూ ఇటూ తిరుగుతుంది. సింగిల్ ట్యాంకుకి నేను డోనట్ తప్ప మరొకటి చెప్పను.

హార్నెస్‌కి (ప్లేట్‌ని ఒంటికి కట్టే పట్టీలకి) 5 సెంటీమీటర్ల వెడల్పు వెబ్బింగ్ ఒకే ముక్క, సుమారు మూడున్నర, నాలుగు మీటర్లు. భుజాలకి మెత్తలు, క్లిప్పులు వద్దు. మెత్త తేలుతుంది, దాన్ని ముంచడానికి మళ్లీ సీసం కొనాలి. ప్లాస్టిక్ క్లిప్పు విరిగితే డైవ్ ముగిసినట్టే. భుజం సరిగా తిరగనివాళ్లకి మాత్రం ఎడమ పక్క ఒక క్లిప్పు న్యాయమే. డైవ్‌కి వేసుకునే సూట్ మీదే కొలవండి. ఛాతీకీ పట్టీకీ మధ్య పిడికిలి దూరాలి, డీ-రింగులు (సామాను తగిలించే D ఆకారపు రింగులు) చంక ఎత్తులో ఉండాలి, చెయ్యి వెనక్కి పెడితే ట్యాంకు వాల్వ్ అందాలి. చాలామంది బిగించేసి, ఆ చివరి పరీక్షలో ఓడిపోతారు. కాళ్ల మధ్య పట్టీ ప్లేట్ తలవైపు జారకుండా ఆపేంత బిగువు చాలు.

ట్యాంకు పట్టీలు తడిపాకే బిగించండి. నైలాన్ తడిస్తే సాగుతుంది, పొడిగా బిగించిన ట్యాంకు నీళ్లలో జారుతుంది. వింగ్ ఎక్కించేటప్పుడు ప్లేట్‌కీ ట్యాంకుకీ మధ్య బ్లాడర్ (వింగ్ లోపలి గాలి సంచి) అంచు నలగకుండా వేలితో తడిమి చూడండి. వింగ్‌కి స్టెబిలైజర్లు (ట్యాంకు పక్కకి దొర్లకుండా ఆపేవి) కుట్టి ఉంటే, అదే పనికి విడిగా అమ్మే సింగిల్ ట్యాంక్ అడాప్టర్ దండగ. కలపాల్సిన సీసం ఉంటే ట్యాంకు పట్టీకి కాకుండా విడిగా కట్టుకునే నడుం బెల్టుకే పెట్టండి. స్టీల్ ప్లేట్ బరువు ఎలాగూ వదిలేయలేరు, వింగ్ చిరిగితే వదలగలిగింది ఆ బెల్టు ఒక్కటే.

ప్రతి డైవ్ రోజు చివర వింగ్ లోపలికి మంచినీళ్లు పోసి, ఊపి, కింది వాల్వ్ నుంచి వంచేయండి. ఇన్‌ఫ్లేటర్ బటన్ కింద ఉప్పు గడ్డకడితే బటన్ ఇరుక్కుపోయి వింగ్‌లోకి గాలి దానంతటదే పోతూ ఉంటుంది.