ముందు పెట్టని వెతుక్కో అల్లుడూ

చిరంజీవి అల్లుడికి అత్తయ్య దీవించి రాయునది.

ఇంటి వెనక అయిదు సెంట్ల జాగాలో పందెం జాతి అసీల్ కోళ్లు పెంచుతానని, రెండు పుంజులకి బయానా కూడా ఇచ్చేశానని రాశావు. బయానా పోతే పోయింది, ఆ పుంజుల్ని అక్కడే ఉండనీ. ముందు పెట్టల్ని వెతుక్కో. మనవైపు అందరి కళ్లూ పుంజు మీదే. కాకా, డేగా, నెమలా, సేతువా, పర్లా అని రంగు అడుగుతారు గానీ, దీని తల్లి ఎన్ని పిల్లల్ని లేపింది అని అడిగే మనిషి కనపడడు. అసలు అసీల్ పెట్ట పెట్టే గుడ్లే తక్కువ. విడతకి 10–15 పెట్టి పొదుగుడికి కూర్చుంటుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు వస్తే గొప్ప. ఆ కాసిని గుడ్లలో ఎన్ని పిల్లలయ్యాయి, ఎన్ని రెండు నెలలు దాటాయి అన్న లెక్క మీదే నీ మంద నిలబడుతుంది.

కొనడానికి సంతకి పోకు. సంతలో ముందు రోగాన్ని కొంటాం, కోడి కొసరు. పెంచే ఇళ్లకే వెళ్లు, అదీ మూడు వేర్వేరు ఊళ్లలో, ఒకరితో ఒకరు పుంజులు మార్చుకోని ఇళ్లకి. ఒక్కో ఇంట్లో మూడు పెట్టలు, ఒక పుంజు తీసుకో. మూడిళ్లు ఎందుకో తర్వాత చెబుతాను. పెట్ట కనీసం ఒక్కసారైనా పిల్లల్ని పెంచినదై ఉండాలి.

అసీల్‌కి తురాయి చిన్నది. బఠాణీ గింజలు మూడు వరసలు పేర్చినట్టు నెత్తికి అంటుకుని ఉంటుంది. గదవ కింద వేలాడే ఎర్రతోలు ఉందా లేదా అన్నట్టుంటుంది. ఒళ్లు నిటారు, ఈక పొట్టి, బిరుసు, తోక కిందికి వాలి ఉంటుంది. తురాయి బాగుంది కదా అని శుద్ధమైన జాతి అనుకోకు. వేరే రక్తం కలిసిన మొదటి తరానికీ ఆ బఠాణీ తురాయే వస్తుంది, రంపంలా లేచే తురాయి ఆ తర్వాతి తరంలో బయటపడుతుంది. అందుకే పెట్టతో పాటు దాని పిల్లల్నీ చూపించమను. చూపించనంటే లేచి వచ్చెయ్.

చేతిలోకి తీసుకున్నాక రొమ్ము ఎముక మీద వేలు రాయి, వంకర తగలకూడదు. మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడు. ఈక మొదట్లో తెల్లటి గుత్తులుంటే అవి కోడిపేల గుడ్లు. కాళ్ల పొలుసులు సున్నం పట్టినట్టు పైకి లేస్తే లోపల పురుగు ఉన్నట్టు. రెండూ నయమయ్యేవే, బేరానికి పనికొస్తాయి. ముక్కు కారేదాన్ని, గురక పెట్టేదాన్ని మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

మూడిళ్ల కోళ్లనీ మూడు చోట్ల మూడు వారాలు వేరుగా ఉంచు. నీళ్ల గిన్నెలు కూడా వేరే. ఈలోగా నట్టల మందు తాగించు. ఒక తొట్టిలో ఇసుక, పొయ్యి బూడిద, ఎండు వేపాకు పొడి కలిపి పెట్టు. అందులో అవే పొర్లి పేలు దులుపుకుంటాయి.

గూటి గురించి ఎక్కువ రాయను. కోడికి రెండు మూడు చదరపు అడుగులు, నేల మీద పొడి ఊక, గాలి ధారాళంగా. గూటికి కట్టే ఇనప జాలీ మాత్రం అర అంగుళం కన్నుది కొను, మామూలు కోళ్ల జాలీలోంచి ఎలుక, పాము రెండూ దూరతాయి. ఎక్కి పడుకునే బద్ద రెండడుగుల ఎత్తు మించకూడదు. మూడు నాలుగు కిలోల కోడి రోజూ ఎత్తు నుంచి దూకితే అరికాలు పగిలి, ఆనెలా గట్టిపడి, లోపల చీము పడుతుంది.

ఇక గుడ్డు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏరు. తేదీ, ఏ పెట్టదో పెన్సిల్‌తో రాయి. బుట్టలో ఒక్క గుడ్డు గుర్తు పెట్టి వదిలితే పెట్ట చోటు మార్చదు. ఏరినవాటిని కడగకు, కడిగితే పెంకు మీది పొర పోయి సన్న రంధ్రాల్లోంచి మురికి లోపలికి దిగుతుంది. సన్న మొన కిందికి వచ్చేలా బియ్యంలోనో చోళ్లలోనో గుచ్చి, ఇంట్లో చల్లటి మూల పెట్టు. వారం లోపు గుడ్డు మేలు, పది రోజులు దాటింది కూరకి. వేసవిలో గుడ్లు ఎందుకు మురుగుతాయో చాలామందికి తెలియదు, పెట్టని తిట్టిపోస్తారు. గది వేడికే పిండం కొద్దికొద్దిగా కదిలి, సరిపడా వేడి లేక లోపలే చచ్చిపోతుంది. చైత్ర వైశాఖాల్లో పొదిగించాలంటే గుడ్ల కుండని తడి ఇసుకలో నిలబెట్టు, గుడ్డుకి మాత్రం తడి తగలనివ్వకు. కార్తీకం నుంచి మాఘం దాకా పొదిగించడమే అన్నిటికన్నా సుఖం.

అసీల్ ఈక ఒంటికి కరుచుకుని ఉంటుంది కాబట్టి పెద్ద కోడైనా ఎక్కువ గుడ్లని కప్పలేదు. తొమ్మిదో పదో పెట్టు. పదిహేను పెడితే అంచున ఉన్నవి చల్లబడతాయి, పెట్ట వాటిని లోపలికి లాక్కుని వేడెక్కినవాటిని బయటికి తోస్తుంది, చివరికి అన్నీ చెడతాయి. బుట్ట లోతు తక్కువగా ఉండాలి, లేకపోతే పైనుంచి గుడ్ల మీదకి దూకుతుంది. అడుగున రెండంగుళాల మన్ను, పైన ఎండుగడ్డి, మధ్యలో మూకుడులా గుంట. పెట్టకి పేలు ఉన్నాయేమో కూర్చోబెట్టేముందే చూడు. పేలు కుడుతుంటే ఎంత మంచి తల్లయినా పదో రోజుకి లేచిపోతుంది. చీకటి పడ్డాక కూర్చోబెట్టు. రోజుకి పావుగంట దిగి మేస్తుంది, ఆ రోజులన్నీ గింజలే వెయ్యి. తడిపిన తవుడు తింటే రెట్ట పలచబడి గుడ్లు పాడవుతాయి.

రెండు పెట్టల్ని ఒకే రోజు కూర్చోబెట్టడం మంచిది. ఏడో రాత్రి గుడ్డుని గుప్పిట్లో పట్టి కింద నుంచి టార్చి వేసి చూడు. సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉంది. ఖాళీగా వెలుగు పారితే గుడ్డులో బీజం పడలేదు, అది ఎక్కువసార్లు పుంజు తప్పు. ఎర్రటి ఉంగరంలా గీత ఉంటే పిండం పడి చచ్చింది, అది చాలాసార్లు నువ్వు నిల్వ ఉంచిన తీరులో తప్పు. చెడ్డవి తీసేశాక మిగిలినవి ఒక పెట్ట కిందికి సరిపోతే రెండోదాన్ని లేపెయ్. 18వ రోజు నుంచి బుట్ట జోలికి పోకు. పూర్తిగా తయారైన పిల్ల పెంకులోనే చచ్చిందంటే చాలాసార్లు చివరి రోజుల్లో తేమ చాలలేదని అర్థం, ఈసారి గడ్డి కింది మన్ను తడపాలి. 21వ రోజున పెంకు పగిలాక నీ చేతులు కట్టేసుకో. జాలిపడి పెంకు వలిస్తే ఇంకా ఇంకని రక్తనాళాలు తెగి పిల్ల పోతుంది. చిల్లు పడ్డాక ఒక రోజు పట్టినా కంగారు లేదు.

గుడ్లు పొదిగే మిషను కొంటే ఫ్యాన్ ఉన్నది కొను. వేడి 37.5 డిగ్రీలు, తేమ 18 రోజుల దాకా 55 శాతం దగ్గర, ఆపైన 65–70. తిప్పడం రోజుకి అయిదుసార్లు, 18వ రోజున ఆపెయ్యి. కరెంటు పోయే ఊరికి పెట్టే నయం.

పిల్లల్ని పది రోజులు తల్లితో గంప కింద ఉంచు. తల్లి లేనివాటికి బల్బు కట్టు, ఎల్‌ఈడీ కాదు, దానికి వేడి ఉండదు. మొదటి వారం 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుమిగూడితే చలి, గోడలకి అంటుకుని నోరు తెరిస్తే వేడి, అన్నీ ఒకే పక్కకి చేరితే ఎక్కడినుంచో గాలి కొడుతోంది. ఊక మీద మొదటి మూడు రోజులు గోనె పరువు. పేపరు పరిస్తే జారి కాళ్లు పక్కలకి చీలిపోతాయి, ఆ పిల్ల నడవడం కష్టం. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వెయ్యి, లేకపోతే మునిగి చస్తాయి.

నూకలతోనే పెంచితే ఎదగవు. నూకల్లో, చోళ్లలో బలం ఉంది గానీ మాంసకృత్తులు చాలవు. ఎనిమిది వారాలు పిల్లల దాణా కొని పెట్టు. గుడ్లు పెట్టే కోళ్ల దాణా చవకగా దొరికినా పిల్లలకి వెయ్యకు, అందులోని సున్నం వాటి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. ఖర్చు తగ్గాలంటే పాత కుండలో ఎండు పేడ, తడి గోనెముక్క కుక్కి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించు. తెల్లారేసరికి చెదలు నిండుతాయి, అంత మంచి మేత దుకాణంలో లేదు. ఎండుచేప వేస్తే ఉప్పు లేనిదే వెయ్యి. బూజు పట్టిన మొక్కజొన్న కడిగి ఎండబెట్టినా విషమే.

టీకాల దగ్గర బద్ధకిస్తే పైన రాసిందంతా దండగ. కొక్కెర తెగులు వస్తే మెడ తిప్పుకుని, ఆకుపచ్చ రెట్ట వేస్తూ వారంలో మంద ఖాళీ అవుతుంది, మందు లేదు. 5–7 రోజుల మధ్య లసోటా అనే కొక్కెర తెగులు టీకా కంట్లో చుక్క, 14వ రోజు గంబోరో తెగులు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరేడు వారాలకి మశూచి టీకా రెక్క పొరలో, 8 వారాలు నిండాక ఆర్‌2బి (అదీ కొక్కెర తెగులుకే) సూది అర మిల్లీలీటరు. సూదికి వారం ముందు నట్టల మందు పడాలి. నలతగా ఉన్న కోడికి టీకా వెయ్యకు. సీసా ఐసులోనే తెచ్చుకో, కలిపాక రెండు గంటల్లో వాడెయ్, మిగిలింది దాచకు. సీసాలో వందో అంతకన్నా ఎక్కువో మోతాదులు ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల పది ఇళ్లకి ఒకే రోజు వేయించు. పక్కింటి కోళ్లకి వెయ్యకుండా నీ కోళ్లకి వేస్తే సగం పనే.

మూడు నుంచి ఆరు వారాల మధ్య రెట్టలో రక్తం పడితే ఊక తడిసి పేగుల్లో తెగులు పట్టిందని అర్థం. ఊక మార్చి, ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి పట్టించు, కొలత ప్యాకెట్ మీద ఉంటుంది. ఆ రోజుల్లో బి విటమిన్ మందు ఇవ్వకు, బి1 పడితే ఆంప్రోలియం పనిచెయ్యదు.

ఇప్పుడు మూడిళ్ల సంగతి. అన్నాచెల్లెళ్లని, తండ్రీకూతుళ్లని కలిపితే రెండు మూడు తరాల్లో గుడ్డులో బీజం పడడం తగ్గుతుంది, పిల్లల కాళ్లు బలహీనపడతాయి. ఒక్కో ఇంటి పెట్టలకి ఒక రంగు రింగు వెయ్యి: ఎరుపు, పసుపు, నీలం. కూతుళ్లు తల్లి గుంపులోనే ఉంటాయి. కొడుకులు మాత్రం కదులుతాయి: ఎరుపు కొడుకు పసుపు పెట్టలకి, పసుపు కొడుకు నీలానికి, నీలం కొడుకు ఎరుపుకి. ఏటా ఇదే వరస, తలకిందులు చెయ్యకు. బయటి పుంజు అవసరం చాలా ఏళ్లు పడదు. పుంజుని మార్చాక మూడు వారాల గుడ్లు కూరకే వాడు, పాత పుంజు బీజం పెట్ట కడుపులో అంతకాలం నిలుస్తుంది. పెరిగే పిల్లల రింగులు నెలకోసారి చూడు, బిగిస్తే కాలు పోతుంది.

ఉంచుకునే పుంజుని ఎంచేటప్పుడు దాని తల్లి లెక్క తియ్యి. గుడ్లు వదిలి లేచిపోయిన తల్లి కొడుకు ఎంత అందగాడైనా సంక్రాంతి లోపు కూరే. మూడున్నర నెలలు దాటిన పుంజుల్ని ఒకదాని కంట ఒకటి పడకుండా వేరు చెయ్యి, లేకపోతే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బరికి అడగడానికి వచ్చేవాళ్లకి పుంజు ఇవ్వకు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పందెం నేరం, అది సరే. నా బాధ వేరే ఉంది. బరి కోసం పెంచేవాళ్లు పెరూ దేశపు పందెం కోళ్ల రక్తం కలిపి కలిపి పొదిగే గుణాన్ని పట్టించుకోవడం మానేశారు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చచ్చిన కోళ్లని కాలవల్లో విసిరినవాళ్లున్నారు. నువ్వు ఆ పని చెయ్యకు. ఒకేసారి రెండు మూడు చస్తే చేత్తో ముట్టకుండా పశువుల డాక్టరుకి చెప్పు, ఆయన చూశాక లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చు.

ఇప్పుడు బయల్దేరి ఊళ్లు తిరిగితే కార్తీకానికి మొదటి బుట్ట పెట్టొచ్చు. ఆ బయానా ఆయనతో మీ మామయ్య మాట్లాడతాడట, సగమైనా వెనక్కి వస్తుందేమో చూద్దాం.

ఇట్లు,
అత్తయ్య