గుడ్లగూబ గూడు దొరికితే ఎంత దగ్గరికి వెళ్లొచ్చు?

చెట్టు తొర్రలో గుడ్లగూబ గూడు పెట్టింది, దగ్గరికెళ్లి ఫొటోలు తీయొచ్చా అని అడిగారు. వద్దండి. పొదిగే రోజుల్లో బెదిరిస్తే తల్లి గుడ్లు వదిలేసి వెళ్లిపోవచ్చు.

బార్న్ ఔల్ అనే తెల్ల గుడ్లగూబ గూడు మొదటిసారి దొరికినప్పుడు నేను ఆ తప్పే చేశాను. టార్చి పట్టుకుని నేరుగా చెట్టు కిందే కూర్చున్నా. లోపల పిల్లలు ఆకలికి బుస్సుబుస్సుమంటున్నాయి, మగపక్షేమో ఎలుకను నోట కరుచుకుని పక్క చెట్టు మీద నుంచి నన్నే చూస్తోంది. అరగంటైనా కదల్లేదు. అది ఆగింది నా వల్లేనని అప్పటికి గానీ తట్టలేదు. టార్చి ఆపేసి, వెనక్కి నడిచి ఒక పొద చాటుకి చేరాక కొద్ది నిమిషాల్లోనే తొర్రలోకి దూరింది. అంతసేపు ఆ పిల్లల్ని పస్తు పెట్టానే అన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే: పక్షి తన పని మానేసి నా వైపు చూస్తోందంటే నేను ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే. తల పైకీ కిందికీ ఆడించినా, ముక్కు టకటకలాడించినా వెంటనే వెనక్కి తగ్గాలి. కొన్ని జాతులు మీద పడి గోళ్లతో రక్కేస్తాయి కూడా, 1937లో ఎరిక్ హాస్కింగ్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్‌కి టానీ ఔల్ దాడిలో ఒక కన్ను పోయింది.

పొద్దుగూకడానికి అరగంట ముందే వెళ్లి, బైనాక్యులర్స్‌తో దూరంగా ఒకే చోట కూర్చోండి. ఫ్లాష్ అసలు వాడొద్దు. పగలు వెళ్తే గూడు జోలికి పోకుండా, కాస్త అవతల అది వాలే కొమ్మల కింద వెతకండి, నల్లటి ఉండలు దొరుకుతాయి. అవి రెట్టలు కావు, అరగని బొచ్చూ ఎముకలూ అది నోటితో కక్కినవి. ఒకటి నీళ్లలో నానబెట్టి విడదీస్తే చిన్న చిన్న ఎలుక పుర్రెలు బయటపడతాయి, ఏం తింటోందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు.

పిల్లలు ఒకదానికన్నా ఒకటి చిన్నగా కనిపిస్తే జబ్బేమోనని కంగారు పడకండి. మొదటి గుడ్డు పెట్టగానే తల్లి పొదగడం మొదలుపెడుతుంది, అందుకే పెద్దదానికీ చిన్నదానికీ రోజుల తేడా ఉంటుంది.

ఇంకోటి, ఫొటో ఎక్కడైనా పెట్టినా చోటు మాత్రం చెప్పకండి. మీరొక్కరే దూరంగా కూర్చుంటే అది ఓర్చుకుంటుంది, రోజూ పదిమంది వస్తే ఓర్చుకోలేదు.