అమోనియా పీక్‌ను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మా హెచ్‌జడ్‌ఎస్‌ఎం-5 జియోలైట్‌కి (సన్నటి రంధ్రాలున్న ఆమ్ల ఉత్ప్రేరకం; సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి 25) బయటి ల్యాబ్‌లో అమోనియా టీపీడీ (అమోనియా పట్టించి, క్రమంగా వేడి చేస్తూ ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత వదులుతుందో కొలిచే పరీక్ష) చేయించాం. 200, 400 డిగ్రీల దగ్గర రెండు పీక్‌లు, ఆమ్లత్వం గ్రాముకు 1.2 మిల్లీమోల్ అని ఇచ్చారు. ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే రెండో పీక్ 40 డిగ్రీలు పైకి జరిగింది. ఏది సరైనది?
– ఒక పరిశోధక విద్యార్థి, కావలి

జవాబు: ముందు ఆ 1.2 సంగతి చూద్దాం. మీ నిష్పత్తి ప్రకారం ఒక మోల్ అల్యూమినియానికి సుమారు 1,560 గ్రాముల జియోలైట్ ఉంటుంది. ప్రతి అల్యూమినియం ఒక ఆమ్లస్థానం ఇచ్చిందనుకున్నా గ్రాముకు 0.64 మిల్లీమోలే. అంటే 200 దగ్గరి పీక్‌ని కూడా కలిపేశారన్నమాట. ఆ పీక్‌లో చాలావరకు, అప్పటికే ఆమ్లస్థానంలో కూర్చున్న అమోనియం అయాన్‌కి పైపైన అంటుకున్న అమోనియానే. దాన్ని ‘బలహీన ఆమ్లత్వం’ అని థీసిస్‌లలో రాసేయడం అలవాటైపోయింది. మీరు రాయకండి.

పీక్ జరగడంలో వింతేమీ లేదు. ఒక స్థానం వదిలిన అమోనియా సన్నటి రంధ్రాల్లోంచి బయటపడేలోగా మరో స్థానానికి అతుక్కుంటుంది. నమూనా ఎక్కువైనా, హీలియం ప్రవాహం తగ్గినా, వేడి త్వరగా పెంచినా పీక్ పైకే పోతుంది. ఈ మూడూ ఒకటిగా లేని రెండు గ్రాఫులను పక్కపక్కన పెట్టి ‘దీని బలం ఎక్కువ’ అనడం కుదరదు.

ఈసారి ఇలా అడిగి చేయించండి. నమూనా 100 మిల్లీగ్రాములు, 250–425 మైక్రాన్ల రవ్వగా. మెత్తటి పొడి అయితే ట్యూబ్‌లో గ్యాస్‌కి అడ్డుపడుతుంది. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొన నమూనాకు ఆనుకుని ఉండాలి. నిమిషానికి 30 మిల్లీలీటర్ల హీలియంలో 500 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, 150కి దించి, 10 శాతం అమోనియా అరగంట పంపాలి. తర్వాత బేస్‌లైన్ చదునయ్యేదాకా ఉత్త హీలియం పంపి, పైపైన అంటుకున్న అమోనియాను ఊడ్చేయాలి (ఇదే ఫ్లషింగ్); గంటన్నర పట్టినా తొందరపడొద్దు. చివరగా నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 650 దాకా. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, జియోలైట్ దాన్ని ఇట్టే పీల్చేస్తుంది. కాబట్టి అదే నమూనాను విడిగా కాల్చి ఎంత బరువు తగ్గిందో చూసి, లెక్కంతా పొడి బరువు మీదే వేయండి.

బయటికొచ్చే గ్యాస్‌ని దాని ఉష్ణవాహకతను బట్టి కొలిచే థర్మల్ కండక్టివిటీ డిటెక్టర్‌కి అమోనియా, నీటి ఆవిరి తేడా తెలియదు. 500 దాటాక లేచే గుబ్బ చాలాసార్లు నీరే. మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటే ద్రవ్యరాశి సంఖ్య 17 కాకుండా 16 చూడండి. 17లో నీటి ముక్క కూడా కలుస్తుంది. ఆ స్పెక్ట్రోమీటర్ లేకపోతే బయటికొచ్చే గ్యాస్‌ని 20 మిల్లీలీటర్ల 0.01 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి వదిలి, మిథైల్ రెడ్ సూచిక వేసి, అదే నార్మాలిటీ సోడియం హైడ్రాక్సైడ్‌తో బ్యాక్ టైట్రేషన్ (మిగిలిన ఆమ్లాన్ని కొలవడం) చేయండి. మీ నమూనాకు బ్యూరెట్‌లో తేడా 6.4 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా రావాలి. మరీ ఎక్కువొస్తే ఫ్లషింగ్ చాలలేదని అర్థం.

బ్రాన్‌స్టెడ్ (ప్రోటాన్ ఇచ్చే), లూయిస్ (ఎలక్ట్రాన్ జంటను తీసుకునే) స్థానాలను మాత్రం టీపీడీ విడదీయలేదు. దానికి పిరిడిన్ పట్టించి ఐఆర్ (పరారుణ వర్ణపటం) తీయాలి: 1,545 సెం.మీ.⁻¹ దగ్గర బ్రాన్‌స్టెడ్, 1,450 దగ్గర లూయిస్.

ప్రశ్న: రొయ్య పెంకులు కాల్చి బయోడీజిల్‌కి ఉత్ప్రేరకం చేశాం. దీనికీ అమోనియా టీపీడీ చాలా?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, నెల్లూరు

జవాబు: చాలదు. మీ చేతిలో ఉన్నది కాల్షియం ఆక్సైడ్, అంటే క్షారం. దానికి కార్బన్ డయాక్సైడ్‌తో టీపీడీ చేయాలి. అయితే డబ్బా మూత తీసిన దగ్గర్నుంచే అది గాలిలోని తేమనీ, కార్బన్ డయాక్సైడ్‌నీ పట్టేస్తుంది. 400 ప్రాంతంలో పీక్ వస్తే హైడ్రాక్సైడ్ వదిలిన నీరేమో చూసుకోండి. 600 దాటాక వచ్చే పెద్ద పీక్ సాధారణంగా కార్బొనేట్ విడిపోవడమే, ‘బలమైన క్షార స్థానాలు’ కావు. అందుకే అదే ట్యూబ్‌లో హీలియం కింద 850 దాకా కాల్చి, చల్లార్చి, మధ్యలో గాలి తగలనివ్వకుండా కొలవాలి.