హ్యాకింగ్ మీటింగులకు మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో ఉండి బీటెక్ మూడో ఏడు చదువుతోంది. ఈమధ్య శనివారాలు ‘ఓవాస్ప్’, ‘నల్’ అంటూ ఏవో మీటింగులకు వెళ్తోంది. హ్యాకింగ్ నేర్పుతారట, ఫీజు లేదట. ఊరికే ఎవరు నేర్పుతారండీ? రేపు పోలీసు కేసేదైనా అయితే పిల్ల భవిష్యత్తు ఏమిటని మావారికి ఒకటే టెన్షన్. మాన్పించమంటారా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: మాన్పించకండమ్మా. ఊరికే ఎవరు నేర్పుతారన్న మీ అనుమానం సబబే. ఓవాస్ప్ అంటే సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే సంస్థ, 2001లో మొదలైంది. 2004 నుంచి అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదై ఉంది. హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది, నడిపేది వాలంటీర్లు. నల్ మన దేశంలోనే పుట్టిన సైబర్ భద్రత బృందం. అక్కడ మాట్లాడేవాళ్లలో చాలామంది వారమంతా కంపెనీల్లో ఇదే పని చేసి, సెలవురోజు వచ్చి చెప్పేవాళ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సగం పని వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. ఎవరూ పైసా అడగలేదు. ఇప్పుడు వీలైనప్పుడల్లా నేనూ వెళ్లి చెబుతున్నాను.

ఇంతకీ ఏం నేర్పుతారంటారా? ఓవాస్ప్ వాళ్లది ‘జ్యూస్ షాప్’ అని ఒక ఉత్తుత్తి దుకాణం ఉంది. కావాలనే లోపాలు పెట్టి తయారుచేశారు. పిల్లలు దాన్ని తమ ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుని ప్రయత్నిస్తారు. మన బుట్ట నంబరు మార్చి అడిగితే పక్కవాళ్ల బుట్టలో ఏ జ్యూస్ ఉందో కనబడిపోతుంది. ‘ఈ బుట్ట నీదేనా?’ అని సర్వర్ అడగదు, అదీ లోపం. 2021లో ఓవాస్ప్ ఇచ్చిన పది ప్రమాదాల జాబితాలో మొదటిది ఇదే. రేపు మీ అమ్మాయి ఏ ఆసుపత్రికో, బ్యాంకుకో సాఫ్ట్‌వేర్ రాస్తే ఆ ఒక్క ప్రశ్న మరవకుండా రాస్తుంది. ఎంతమంది రిపోర్టులు, ఖాతాలు దానిమీద ఆధారపడి ఉంటాయో ఆలోచించండి!

మీవారి భయం తీసిపారేసేది కాదు. ఇదే పని కాలేజీ రిజల్ట్స్ సైటు మీద అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 43 కింద నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. దురుద్దేశం రుజువైతే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సరదాకి చేశానంటే పోలీసులు వినరు. ఎక్కడైనా లోపం కంటపడితే లోపలికి తవ్వుకుంటూ పోకుండా ఆ సంస్థకో, సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం సెర్ట్-ఇన్‌కో తెలియజేయాలి. ఈ సంగతి తనకు తెలుసో లేదో అడగండి. తెలియకపోతే మీరే చెప్పండి.

ఆడపిల్ల ఒక్కతే అన్న బెంగ ఉంటే, వందనా వర్మ స్థాపించిన ‘ఇన్ఫోసెక్ గర్ల్స్’ బృందం గురించి తనకు చెప్పండి. ఆమె ఓవాస్ప్ ప్రపంచ బోర్డుకే అధ్యక్షురాలిగా పనిచేశారు.

ప్రశ్న: మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘానికి ఇలాంటి సైబర్ భద్రత తెలిసినవాళ్లు వచ్చి ఆన్‌లైన్ మోసాల గురించి నాలుగు మాటలు చెబుతారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: అడిగి చూడండి మాస్టారూ, చాలామంది సంతోషంగా వస్తారు. వచ్చినవాళ్లతో రెండు విషయాలు తప్పక చెప్పించండి. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, పిల్లలేమనుకుంటారోనని తెల్లారేదాకా ఆగకూడదు. ఆ నంబరు అందరి ఫోన్లలో అక్కడికక్కడే సేవ్ చేయించి పంపండి.